మారిషస్ కతోలిక దేవాలయాలు – మన తెలుగు ఇళ్లు



ఈ సాంస్కృతికోత్సవ సంచికకు వ్యాసం వ్రాయమని మమ్మల్ని అడిగినప్పుడు, సింహాద్రి అప్పన్న పూజ గురించో, రామభజనం గురించో వ్రాస్తామని సంపాదకులు అనుకొని ఉంటారు. ఆ విషయాలు మాకంటే బాగా తెలిసినవారు ఏటేటా వ్రాస్తూనే ఉన్నారు. మేము ఈసారి మన దీవిలోని కతోలిక దేవాలయాల చరిత్ర వ్రాయదలచాము. తెలుగువారి సంచికలో చర్చీల మాట ఎందుకని కొందరికి తోచవచ్చు. దయచేసి చివరిదాకా చదవండి, కారణం తెలుస్తుంది.

మేము ఈ దీవిలో మూడో తరంవారము. చాలా ఏళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పాము. పగలు పాఠం చెప్పి, సాయంకాలం తరగతిలో బల్లమీద కూర్చుని తెలుగు నేర్చుకొన్నాము. మా భాషలో తప్పులు దొర్లితే మన్నించగోరుతాము.

ఫ్రెంచివారి కాలం

ఫ్రెంచివారు 1715లో ఈ దీవిని తమదిగా ప్రకటించుకొన్నారు. 1721 నుంచి ఇక్కడ కాపురం పెట్టారు. వారితోపాటు లాజరిస్టు సభకు చెందిన గురువులు వచ్చారు. 1723లో ఫ్రెంచి రాజు బానిసల గురించి ఒక శాసనం చేశాడు. బానిసలందరికీ జ్ఞానస్నానం ఇవ్వవలెనని అందులో ఉంది. అంటే నీళ్లు పోయడం చట్టమయింది. కాని వారికి నాలుగు మంచి మాటలు నేర్పవలెనన్న శ్రద్ధ చాలామంది యజమానులకు లేదు.

1735లో మాహే ద లా బూర్దొనే గవర్నరుగా వచ్చి పోర్ట్ లూయీని రేవు పట్నంగా తీర్చాడు. పనివారిని పుదుచ్చేరి నుంచి కూడా రప్పించాడు. కనుక దక్షిణ భారతపు చేతులు ఈ దీవి గోడలను తాకడం చెరకు కూలీల కాలానికి నూరేళ్ల ముందే మొదలయింది.

దీవిలో నిలిచి ఉన్న దేవాలయాలలో పాతదిగా చెప్పేది పాంప్లెమూస్‌లోని పునీత ఫ్రాన్సిస్ దేవాలయం. అది 1756 నాటిది. బొటానికల్ తోటకు వెళ్లినవారు ఆ పక్కనే ఉన్న దీనిని కూడా చూడవలెను. లావైన గోడలు, చిన్న కిటికీలు, పక్కన శ్మశానవాటిక. ఆనాటి కట్టడాలకు వాడినవి మన నల్లరాయి, సముద్రపు పగడపు రాయిని బట్టీలలో కాల్చి తీసిన సున్నం. రాయి మోసినవారు, సున్నం కాల్చినవారు ఎక్కువగా బానిసలే. వారి పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫ్రెంచివారు 'పారువాస్' అనేదానిని ఆంధ్రదేశంలోని కతోలికులు 'విచారణ' అంటారు. ఒక గురువు ఎన్ని ఊళ్ల మంచిచెడ్డలు విచారిస్తాడో అంత మేర ఒక విచారణ. మాకు ఈ మాట చాలా నచ్చింది. విచారణకు ప్రాణం గోడలలో కాక పుస్తకాలలో ఉంది. జ్ఞానస్నానం ఒక పుస్తకం, పెళ్లి ఒక పుస్తకం, మరణం ఒక పుస్తకం. పుట్టినవాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, సాక్షిగా నిలిచిన జ్ఞానపితరుల పేర్లు అన్నీ అందులో ఎక్కుతాయి. గోడ కూలినా పుస్తకం మిగిలితే ఆ విచారణ బ్రతికినట్లే.

సాయంకాలపు గురువు

1810లో ఇంగ్లీషువారు దీవిని గెలుచుకొన్నారు. లొంగుబాటు ఒప్పందంలో ఇక్కడివారి మతము, ఆచారము, చట్టము కదపమని మాట ఇచ్చారు. అందుకే పాలకులు ప్రొటెస్టంటులయినా, దీవిలో కతోలిక మతం నిలిచింది. 1847లో పోర్ట్ లూయీ మేత్రాసనం అయింది. అక్కడి పునీత లూయీ దేవాలయం ఇన్ని కాలాలలోనూ తుపానులకు దెబ్బతింటూ, మళ్లీ మళ్లీ లేస్తూ వచ్చింది. ఇప్పుడు మనం చూసే కట్టడం 1930ల నాటిది.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. విడుదలయినవారు సుమారు 66,000 మంది. వారికి చదువు లేదు, భూమి లేదు, చర్చిలో చోటు కూడా సరిగా లేదు. 1841 సెప్టెంబరు 14న జాక్ దెజిరే లవాల్ అనే ఫ్రెంచి గురువు ఓడ దిగాడు. మనమంతా పేర్ లవాల్ అని పిలిచేది ఆయననే. 1803లో నార్మండీలో పుట్టాడు, గురువు కాకముందు వైద్యుడు. ఆయన మొదట చేసిన పని క్రియోలు నేర్చుకోవడం. పగలంతా పనిచేసి వచ్చినవారికి సాయంకాలం పాఠం చెప్పేవాడు. వారికోసం ఆదివారం వేరుగా పూజ చేసేవాడు. తెల్లవారిలో కొందరు నవ్వారు, కొందరు కోపగించారు. ఆయన మానలేదు. పాఠం నేర్చినవారిలో కొందరిని ఉపదేశులుగా ఊళ్లకు పంపాడు. వారు వెళ్లినచోట చిన్న చిన్న ప్రార్థనాగృహాలు లేచాయి. వాటిలో కొన్ని తరువాత విచారణలయ్యాయి. 1864 సెప్టెంబరు 9న ఆయన కన్నుమూసి, సెంట్ క్రువాలో సమాధి అయ్యాడు.

పని దిగిన తరువాత దీపం వెలుగులో చెప్పే పాఠం! మన సాయంకాల తెలుగు తరగతులు కూడా అదే వేళకు, అదే అలసటతో నడిచాయి. పేర్ లవాల్ చరిత్ర చదివినప్పుడల్లా మాకు మా తెలుగు మాస్టారు గుర్తుకు వస్తారు.

కోరంగి నుంచి వచ్చినవారు

విడుదలయిన బానిసలు చెరకు తోటలు విడిచి వెళ్లారు. వారి చోటికి మనవారిని తెచ్చారు. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లదాకా సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఈ దీవికి వచ్చారు. తెలుగువారిలో మొదటివారు కొందరు గోదావరి పక్కనున్న కోరంగి రేవు నుంచి ఎక్కారు. అందుకే ఇక్కడివారు మనల్ని చాలాకాలం 'కోరింగీ'లన్నారు. ఆ కోరంగిని 1839 నవంబరులో ఉప్పెన ముంచెత్తి, ఓడలను, మనుషులను తుడిచిపెట్టింది. ఉప్పెన ఊరివారు తుపాను దీవికి వచ్చారన్నమాట.

మనవారిలో ఎక్కువమంది హిందువులే. తోటలో చెట్టు కింద రాయి పెట్టి అమ్మోరు అన్నారు, ఇంట్లో గోడకు నామం పెట్టి అప్పన్న అన్నారు. దక్షిణ భారతం నుంచి వచ్చినవారిలో కతోలికులు కూడా ఉన్నారు. వారి కోసం, మతం మారదలచినవారి కోసం 1860లలో యేసుసభ గురువులు భారతీయుల మధ్య పనిచేయడానికి వచ్చారు. అయినా చర్చి లోపలి భాషలు వేరు. పూజ లాటిన్‌లో, ప్రసంగం ఫ్రెంచిలో, బయట మెట్లమీద మాటలు క్రియోలులో. లాటిన్ పోయి జనం భాషలు వచ్చింది రెండవ వాటికన్ మహాసభ (1962–65) తరువాతనే. కనుక చర్చిలో చేరిన తెలుగు కుటుంబానికి ఒకటి రెండు తరాలలో తెలుగు పోయింది. ఆ మాటకు వస్తే, చర్చికి వెళ్లని మన ఇళ్లలో మాత్రం ఎంత మిగిలింది? మా అమ్మ మమ్మల్ని కోప్పడింది క్రియోలులోనే.

జ్వరము, రైలు, తుపాను

దేవాలయాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పటంలో చూస్తే దీవి చరిత్ర అర్థమవుతుంది. పాతవి తీరం వెంబడి, రేవు దగ్గర. 1866–68లో మలేరియా వచ్చి పోర్ట్ లూయీలోను, పల్లపు ప్రాంతాలలోను వేలకు వేలమందిని తీసుకొనిపోయింది. ఉన్నవారు చల్లని మెట్ట ఊళ్లకు ఎగబాకారు. రైలు అంతకు కొద్దిముందే, 1864లో మొదలయింది. రైలు దారి వెంట బో బాస్సేన్, రోజ్‌హిల్, క్యూర్‌పీప్ పెరిగాయి, వాటి చర్చీలూ పెరిగాయి. రోజ్‌హిల్ దేవాలయం పేరు లూర్దుమాత దేవాలయం. ఫ్రాన్సులో లూర్దు దర్శనాలు జరిగినది 1858లో. కనుక ఆ పేరున్న గుడి ఏదయినా అంతకు తరువాతిదే. పేరు చూసి వయసు చెప్పడం ఇలాగే. మా విద్యార్థులకు ఈ లెక్క చాలా ఇష్టం.

1892 ఏప్రిల్ 29న వచ్చిన తుపాను రాజధానిలో మూడో వంతు నేలమట్టం చేసింది. సుమారు 1,200 మంది చనిపోయారు. ఏప్రిల్ చివర తుపాను కాలం దాటిపోయిందని జనం ధైర్యంగా ఉన్న రోజులవి. చర్చీలు, గుడులు, మసీదులు అన్న తేడా గాలికి లేదు. ఈ దీవిలో ఏ దేవాలయం కథ చెప్పినా కట్టారు, కూలింది, మళ్లీ కట్టారు అనే మూడు మాటలు వస్తాయి. మొదట రాయి, సున్నం; తరువాత ఇనుపరేకు కప్పులు; 1960 తరువాత కాంక్రీటు. ఉత్తరాన కాప్ మాలెరోలో సముద్రం ఒడ్డున ఎర్రకప్పు చిన్న గుడి ఒకటి ఉంది. పర్యాటకులు అందరూ ఫోటో తీసుకొనేది దానినే. దాని వయసు చూస్తే 1938 నాటిది, అంతే. అందమయినదల్లా పాతది కాదు, పాతదల్లా ఫోటోకు రాదు.

మా పెదతాత

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా తాత, ఆయన అన్న ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, వలస ఇక ఆగిపోబోయే కాలంలో, మద్రాసులో ఓడ ఎక్కి వచ్చారు. ఇద్దరూ ఒకే తోటలో పని చేశారు. అన్నగారు ఒక క్రియోలు అమ్మాయిని చేసుకొన్నాడు. పెళ్లికి ముందు జ్ఞానస్నానం తీసుకొని జోసెఫ్ అయ్యాడు. మా తాత ఆ పెళ్లికి వెళ్లలేదు. ఆ తరువాత చర్చి ఉన్న వీధిన నడవలేదు. ఇంట్లో ఆయన పేరు ఎత్తకూడదు. పిల్లలకు తాత అన్నగారు ఉన్నారని కూడా చెప్పలేదు.

1960 ఫిబ్రవరి చివర కేరొల్ తుపాను వచ్చింది. మేము అప్పుడు ఒడిలో పిల్లలము. అమ్మ, నాయనమ్మ చెప్పినదే మాకు తెలుసు. మొదటి గాలికి మా రేకుల ఇల్లు పోయింది. తుపాను కన్ను దీవి మీదికి వచ్చినప్పుడు కొన్ని గంటలు అంతా నిశ్శబ్దం. గాలి ఇప్పుడు ఎదురు వైపు నుంచి వస్తుందని పెద్దలకు తెలుసు. ఆ నిశ్శబ్దంలోనే ఊరంతా రాతి చర్చిలోకి పరుగెత్తింది. మా తాత వాకిట ఆగిపోయాడట. నాయనమ్మ మమ్మల్ని చంకన ఎత్తుకొని, "మీ పంతం మీ దగ్గర పెట్టుకోండి, బిడ్డ తడుస్తోంది" అని లోపలికి నడిచిందట. వెనుక ఆయనా వచ్చాడు.

లోపల పెదతాత లేడు, అప్పటికే చనిపోయాడు. ఆయన భార్య ఉంది. ఒక పక్క రేకులు ఎగిరిపోగా, అందరూ రెండో పక్క గోడకు ఆనుకొని తెల్లవార్లూ కూర్చున్నారు. ఆమె తన దుప్పటి సగం నాయనమ్మకు ఇచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. మరునాటి నుంచి రెండు ఇళ్లకూ కబుర్లు సాగాయి. నోయెలుకు వారి కేకు మాకు, ఉగాదికి మా బూరెలు వారికి. మా తాత మాత్రం ఏమీ అనలేదు. తిన్నాడు.

అసలు చెప్పవలసినది ఇంకా ఉంది. మన ఇంటిపేర్లు ఎలా వచ్చాయో మీకు తెలిసినదే. ఓడ దిగిన మనిషి పేరే అతని పిల్లలకు ఇంటిపేరయింది. అలా మా ఇంటిపేరు మా తాత పేరు. ఆయన తండ్రి, అంటే ఆంధ్రదేశంలోనే ఉండిపోయిన మా ముత్తాత, పేరు మాకెవరికీ తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నవంబరు 2న, కతోలికులు సమాధులకు పువ్వులు పెట్టే మృతుల దినాన, పెదతాత మనుమలతో మేమూ శ్మశానానికి వెళ్లాము. శిలువ మీద జోసెఫ్ అని ఉంది. దాని పక్కన ఫ్రెంచి అక్షరాలలో ఒక తెలుగు పేరు ఉంది. అది పెదతాత పాత పేరు కాదు. తరువాత మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన వలస పుస్తకాలలో మా తాత వివరం తీయించి చూశాము. 'తండ్రి పేరు' అన్న గడిలో అదే పేరు ఉంది. జ్ఞానస్నానం నాడు ఇంటిపేరు ఏమని గురువు అడిగితే, పెదతాత తన నాయన పేరు చెప్పుకొన్నాడు.

వంశం విడిచి పోయాడని మావారు ఎవరి పేరు ఎత్తలేదో, ఆయనే మా వంశంలో అన్నింటికన్నా పాత పేరును నిలిపాడు. మేము ఇంట్లో పోగొట్టుకొన్నది చర్చి పుస్తకంలో ఉంది. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఇదే.

సెంట్ క్రువా బాట

అదే కేరొల్ తుపాను సెంట్ క్రువాలోని పాత దేవాలయాన్ని కూడా పాడుచేసింది. దాని స్థానంలో ఇప్పుడున్న కొత్త దేవాలయం 1964లో లేచింది. పేర్ లవాల్ సమాధి మాత్రం అక్కడే ఉంది. ఏటా సెప్టెంబరు 8 రాత్రి నుంచి దీవి నలుమూలల జనం కాలినడకన అక్కడికి వెళ్తారు. కతోలికులే కాదు. హిందువులు, ముస్లిములు, చీనావారు అందరూ ఉంటారు. ఆంధ్రదేశంలో విజయవాడ దగ్గర గుణదల మేరీమాత కొండకు ఫిబ్రవరిలో హిందువులు కూడా మొక్కు తీర్చుకోవడానికి వెళ్లినట్లే ఇదీ.

మా నాయనమ్మ ఏటా వెళ్లేది. మాకు జ్వరం వచ్చి తగ్గిన సంవత్సరం మమ్మల్ని కూడా నడిపించింది. చేతిలో కొవ్వొత్తి, కొంగున పువ్వులు. సమాధి మీది ప్రతిమ పాదాలు తాకి కళ్లకద్దుకొని, "అప్పన్న తండ్రీ" అన్నది. పక్కనున్న ఆవిడ నవ్వలేదు, తన జపమాల తాను తిప్పుకొంటున్నది.

1979 ఏప్రిల్ 29న రోములో రెండవ జాన్ పాల్ పోపుగారు పేర్ లవాల్‌ను ధన్యుడుగా ప్రకటించారు. 1892 తుపాను వచ్చిన తేదీ కూడా అదే, ఏప్రిల్ 29. 87 ఏళ్ల తరువాత ఆ తేదీ దీవికి సంతోషపు తేదీ అయింది. 1989లో అదే పోపుగారు ఇక్కడికి వచ్చారు. 2019లో ఫ్రాన్సిస్ పోపుగారు సరిగా సెప్టెంబరు 9న వచ్చి, ఆ సమాధి దగ్గర ప్రార్థించారు. పోర్ట్ లూయీ కొండమీది శాంతిరాణి మరియమ్మ విగ్రహం దగ్గర ఆయన పూజ చేసిన రోజు మా వీధిలో తెలుగు ఇళ్లవారు కూడా టెలివిజను ముందు నుంచి లేవలేదు.

ఒక విన్నపము

మేము ఎవరినీ ఏ మతంలోకి రమ్మనడం లేదు, పొమ్మనడం లేదు. మేము మా నాయనమ్మ దేవుణ్ణే కొలుస్తాము. మేము అడిగేది ఒక్కటే. మన కుటుంబ వృక్షం గీసేటప్పుడు చర్చి వైపు వెళ్లిన కొమ్మను నరకవద్దు. ఈ దీవిలో కతోలికులు సుమారు నాలుగో వంతు. వారిలో మన అన్నదమ్ముల పిల్లలు ఎందరో ఉన్నారు. వారి మొదటి పేరు మరీ, ఆంత్వాన్, జోసెఫ్ కావచ్చు. చివరి పేరు చూడండి. అక్కడ మన అప్పన్నలు, వెంకటస్వాములు, రామన్నలు కూర్చుని ఉంటారు.

కనుక పిల్లలకు ఈ సెలవులలో ఒక పని ఇద్దాము. మీ ఊరి విచారణ గురువుగారిని మర్యాదగా అడిగి, పాత జ్ఞానస్నానపు పుస్తకంలో మన పేర్లు ఏవైనా ఉన్నాయేమో చూపమని కోరండి. శ్మశానంలో శిలువల మీది తెలుగు పేర్లు నోటుపుస్తకంలో ఎక్కించుకోండి. ఉప్పుగాలికి ఆ అక్షరాలు ఏటేటా అరుగుతున్నాయి. ఇంకొక తుపాను రాకముందే వ్రాసుకోవాలి. తెచ్చిన పేర్లను మోకాలోని వలస పుస్తకాలతో సరిచూడండి. ఏ పేరు ఏ ఇంటి తలుపు తీస్తుందో చెప్పలేము.

మా ముత్తాత పేరు ఇప్పుడు మా ఇంట్లో గోడమీద తెలుగు అక్షరాలలో ఉంది. మా చేత్తోనే, సాయంకాల తరగతిలో నేర్చిన అక్షరాలతో వ్రాశాము. మొన్న ఉగాదికి పెదతాత మునిమనుమడు వచ్చి, దానిని వేలితో చూపి ఏమని చదవాలి అని అడిగాడు. కూర్చోబెట్టి చెప్పాము. అది అతని ఇంటిపేరే.

అందరికీ శుభమగుగాక.